చదరపు అడుగుకి ఎంత?

గోడల మీద బొమ్మలు వేసే పనిలో దిగాక, ఏ పట్టణంలో ఏ మునిసిపల్ ఆఫీసుకి వెళ్లినా మొదట వినిపించే ప్రశ్న ఇదే. అడిగే ఇంజనీరు గారి తప్పేం లేదు. సున్నం కొట్టినా, బొమ్మ వేసినా ఎం-బుక్‌లో, అంటే కొలతల పుస్తకంలో, ఎక్కేవి పొడవు, వెడల్పులే. ఆలోచనకి అందులో కాలమ్ లేదు.

అందుకే స్కెచ్‌లు ఊరికే పంపమంటారు. "నచ్చితే చూద్దాం లెండి." ఒకచోట నా స్కెచ్ నచ్చలేదన్నారు. కొన్నాళ్లకి అదే తాటిచెట్టు, అదే మోకు, నడుముకి లొట్టి కట్టుకున్న అదే గీత కార్మికుడు ఓ ఫ్లైఓవర్ స్తంభమెక్కి కనిపించారు. వేసిన కుర్రాణ్ణి ఏమంటాం? అతనికి ముట్టింది రోజుకూలీ. మిగతాది తక్కువ రేటు కోట్ చేసిన కాంట్రాక్టరుకి. రంగులకి, లిఫ్టు అద్దెకి డబ్బు మొదటిరోజే కావాలి. అడ్వాన్సుకి మాత్రం రూల్సు ఒప్పుకోవంటారు.

డబ్బు సంగతి సరే, వేసిన పని తర్వాత ఏమవుతుంది? ఇక్కడ శిల్పి అమర్‌నాథ్ సెహగల్ కేసు చెప్పుకోవాలి. ఢిల్లీ విజ్ఞాన్ భవన్ కోసం 1957లో కేంద్ర ప్రభుత్వం ఆయనకి కంచు కుడ్యశిల్పం అప్పగించింది. పొడవు 140 అడుగులు, ఎత్తు 40. పూర్తయ్యేసరికి 1962 వచ్చింది. 1979లో భవనం మరమ్మతులంటూ, ఆయనకి మాటైనా చెప్పకుండా ఊడదీసి గోదాములో పడేశారు. ముక్కలైంది, కొన్ని భాగాలు పోయాయి. ఆయన 1992లో కోర్టుకెక్కారు. డబ్బిచ్చాం, హక్కులు మావే అంది సర్కారు. 2005లో ఢిల్లీ హైకోర్టు ఆ వాదన ఒప్పుకోలేదు. కాపీరైట్ చట్టం 57వ సెక్షన్ ప్రకారం, హక్కులు రాసిచ్చేసినా తన పేరు ప్రతిష్ఠలు దెబ్బతినేలా పనిని పాడుచేస్తే అడిగే హక్కు కళాకారుడికి ఉంటుందంది. మిగిలిన ముక్కలు తిరిగివ్వమని, 5 లక్షల నష్టపరిహారం కట్టమని తీర్పిచ్చింది. అప్పటికి సెహగల్‌కి 83 ఏళ్లు.

అంత పేరున్న శిల్పికే అన్నేళ్లు పట్టింది. మన ఊళ్లలో గోడ ఎక్కేవాళ్లలో లాయరు ఫీజు కట్టగలిగేవాళ్లు ఎందరు?

మునిసిపల్ కమిషనర్లకి ఒక మనవి. వచ్చే టెండరులో బొమ్మలని సున్నాల పద్దులోంచి తీసేయండి. ఎంపిక కమిటీలో ఇద్దరు చిత్రకారుల్ని కూర్చోబెట్టండి. అడిగించుకున్న ప్రతి స్కెచ్‌కి, నచ్చినా నచ్చకపోయినా, డబ్బివ్వండి. గోడ కూల్చాల్సివస్తే వేసినవాళ్లకి నెల ముందు కబురు చేస్తామని ఒప్పందంలో ఒక్క వాక్యం రాయండి.