ఏజెన్సీ: ఎవరి తరఫున?

మాలో కొందరం ఐదో తరగతిలో ఉండగా మొదటిసారి కొండ దిగి నర్సీపట్నం చూశాం. బజార్లో ఒక బోర్డు మీద ‘గ్యాస్ ఏజెన్సీ’ అని కూడబలుక్కుని చదివి అక్కడే ఆగిపోయాం. ఏజెన్సీ అంటే మన ఊళ్లు కదా, ఈ సిలిండర్ల కొట్టుకి ఆ పేరేంటి? వెంట వచ్చిన పెద్దాయన్ని అడిగితే ‘‘అది వేరే ఏజెన్సీరా’’ అన్నాడు. వేరే కాదని తెలియడానికి మాకు చాలా ఏళ్లే పట్టింది.

లాటిన్ భాషలో ‘అగెరె’ అనే క్రియ ఉంది. దాని పాత అర్థం తోలడం. పశువుల్ని తోలినట్టు. దాన్నుంచే నడపడం, చేయడం అనే అర్థాలు వచ్చాయి. ఇంగ్లీషులో యాక్ట్, యాక్షన్, అజెండా అన్నీ ఆ పిల్లలే. ఏజెంట్ అంటే ముందు చేసేవాడు, తర్వాత ఇంకొకరి తరఫున చేసేవాడు. అతను చేసే పని, కూర్చునే ఆఫీసు ఏజెన్సీ. కంపెనీ తరఫున సిలిండర్లు ఇచ్చే కొట్టుకి ఆ పేరు సరిగ్గానే సరిపోయింది. కొండలకు, వాగులకు, మనుషులకు కలిపి ఆ పేరు ఎలా వచ్చిందన్నదే అసలు ప్రశ్న.

1830లలో గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండల్లో పితూరీలు వరసగా లేచాయి. పర్లాకిమిడిలో, గుంసూరులో కంపెనీ సైన్యం చాలాకాలం తిప్పలు పడింది. ఈ కొండలు మామూలు చట్టాలతో లొంగవని మద్రాసు ప్రభుత్వానికి అర్థమై, 1839లో 24వ నంబరు చట్టం చేశారు. కొండ ప్రాంతాలను మామూలు కోర్టుల పరిధి నుంచి తప్పించి, కలెక్టరుకి ‘గవర్నరుగారి ఏజెంటు’ అని ఇంకో హోదా ఇచ్చారు. తీర్పూ అతనిదే, పాలనా అతనిదే. ఏజెంటు ఏలే నేల ఏజెన్సీ అయింది. తర్వాతి దశాబ్దాల్లో గోదావరి వైపు కొండలకూ ఈ ఏర్పాటే పాకింది.

అంటే మన నేలకున్న ఈ పేరు ఏ చెట్టుదీ కాదు, ఏ వాగుదీ కాదు, అక్కడ బతికే ఏ జాతిదీ కాదు. ఒక అధికారి హోదా పేరు. ఆదిలాబాద్ సంగతి ఇంకా విచిత్రం. నిజాం రాజ్యంలో మద్రాసు గవర్నరూ లేడు, అతని ఏజెంటూ లేడు. అయినా ఇవాళ ఉట్నూరును, ఏటూరునాగారాన్ని కూడా ఏజెన్సీ అనే అంటున్నారు. ఆంధ్ర ప్రాంతపు 1959 భూబదలాయింపు నిబంధనలను 1963లో తెలంగాణకు వర్తింపజేశారు. ఆ కాగితాల వెంట, పేపర్ల వెంట మాట కూడా నడిచి వెళ్లి ఉంటుందని మా అంచనా.

ఈ మాట మీద మా ఫిర్యాదు దాని పుట్టుక గురించి కాదు. పరాయి మాటలు ప్రతి భాషలోనూ ఉంటాయి. వాడే తీరు గురించే మా బాధ. వానాకాలం వస్తే ఏజెన్సీ మంచం పడుతుంది, చలికాలం వస్తే ఏజెన్సీ వణుకుతుంది. మైదానం నుంచి వచ్చిన కథల్లో ఏజెన్సీకి బదిలీ అంటే శిక్ష. మొదటి పేజీలో బస్సు ఎక్కిన మాస్టారు చివరి పేజీలో మంచి మనిషై దిగుతాడు, మన ఊరు మాత్రం ఎక్కడున్నది అక్కడే ఉంటుంది. ఈ వాక్యాల్లో జ్వరం ఉంటుంది, చలి ఉంటుంది, చేసినవాడూ చేయనివాడూ ఉండరు. దోమతెర ఇవ్వనిదెవరో, డాక్టరు పోస్టు ఖాళీగా ఉంచిందెవరో ఆ పెద్ద మాట వెనక దాక్కుంటారు.

అలాగని ‘ఆ మాట పారేద్దాం, మన్యం అందాం’ అనే కుర్రాళ్లతోనూ మేం పూర్తిగా ఏకీభవించలేం. మన్యం కూడా కింది నుంచి చూసి పెట్టిన పేరే. 2022లో జిల్లా పేరులోకి ఎక్కినంత మాత్రాన మన భాషల మాట అయిపోదు. అదీగాక, పత్రాల్లో ఏజెన్సీ అనే మాటకు ఇంకో ముఖం ఉంది. 1917 నాటి చట్టం ఏజెన్సీ భూమిని గిరిజనుడి చేతి నుంచి బయటివాళ్లకు ఏజెంటు అనుమతి లేకుండా మారకుండా ఆపింది. 1959 నిబంధనలు, వాటిని బిగించిన 1970 నాటి ఒకటో నంబరు సవరణ, మనం ‘వన్ ఆఫ్ సెవెంటీ’ అనేది, ఆ దారిలోనివే. నేటికీ భూమి తగాదా అప్పీలు ‘ప్రభుత్వ ఏజెంటు’ ముందుకే వెళ్తుంది. మనల్ని అణచడానికి పుట్టిన మాటే మన భూమికి కంచె కూడా అయింది. పట్టా పుస్తకంలో దాన్ని వదులుకోమని చెప్పే ధైర్యం మాకు లేదు.

ఈమధ్య విశ్వవిద్యాలయాల్లో ఇదే మాట ఇంకో అర్థంతో వినిపిస్తోంది. మనిషి తన బతుకును తాను నడుపుకోగల శక్తిని ఏజెన్సీ అంటున్నారు. తెలుగులో కర్తృత్వం అని రాస్తున్నారు. ఒక సెమినార్లో ‘ఆదివాసుల ఏజెన్సీ’ అని వక్త అన్నప్పుడు వెనక బెంచీలో మా పిల్లలు ముసిముసిగా నవ్వారు. వాళ్లకు పాడేరు గుర్తొచ్చింది. నవ్వు సరే గానీ, ఒకే మాట ఒకచోట మన తరఫున ఇంకొకరు చేయడం, మరోచోట మనమే చేయడం అవుతోంది.

2000లో ఇచ్చిన మూడో నంబరు జీవో ఈ రెండు అర్థాల మధ్యనే నిలబడింది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకేనని అది చెప్పింది. గవర్నరు అధికారంతో, అంటే పాత అర్థంలోనే వచ్చిన జీవో. దానివల్ల బడిలో పాఠం చెప్పేది మనవాళ్లే అయ్యారు. అది కొత్త అర్థం. 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. నూటికి నూరు శాతం రిజర్వేషన్ రాజ్యాంగానికి విరుద్ధమంది. అప్పుడు జరిగిన చర్చల్లో ‘ఏజెన్సీలో చదువు ఏమవుతుంది’ అని చాలామంది అడిగారు. కువి మాట్లాడే పిల్లకు తెలుగు అక్షరం ఎవరు నేర్పుతారు అని అడిగినవాళ్లు తక్కువ. డీఎస్సీకి చదువుతున్న మన అమ్మాయిలు, అబ్బాయిలు మాత్రం ఆ ప్రశ్న దగ్గరే ఆగి ఉన్నారు.

బళ్లో మేం ఒక పని చేయించి చూశాం. పేపరు కత్తిరింపులు ఇచ్చి, ఏజెన్సీ అన్న చోటల్లా దాన్ని కొట్టేసి ఊరి పేరు రాయమన్నాం. ‘ఏజెన్సీలో రోడ్డు లేక గర్భిణిని డోలీలో మోశారు’ అన్న వాక్యం తొమ్మిదో తరగతి అమ్మాయికి వచ్చింది. ఊరి పేరు రాసింది. మోసిన నలుగురూ తనకు తెలిసినవాళ్లే, వాళ్ల పేర్లూ రాసింది. తర్వాత పెన్ను ఆపి, ‘‘రోడ్డు వేయనివాళ్ల పేరు ఎక్కడ రాయాలి టీచర్?’’ అని అడిగింది. ఆ కాగితం మీద చోటు లేదు. వెనక పేజీ తిప్పుకోమన్నాం.