దేశాంతర దత్తత: పసివాళ్ళకు చెప్పే సగం సత్యం

బాలసాహిత్యాన్ని గురించి మన విమర్శకులు వ్రాసేది తక్కువ. వ్రాసినప్పుడు కూడా భాష సులభంగా ఉందా, నీతి ఉందా, బొమ్మలు బాగున్నాయా అనే మూడు ప్రశ్నలతో సరిపెట్టుకుంటున్నారు. ఈ రచన లోకాన్ని ఉన్నదున్నట్టు చూపుతోందా, లేక కప్పిపుచ్చుతోందా అని పెద్దల సాహిత్యాన్ని నిలదీసే మనం పిల్లల పుస్తకం దగ్గరకు వచ్చేసరికి ఆ ప్రశ్నను గుమ్మం బయటే వదిలి వస్తున్నాం. అలా వదలటం ఎంత పొరపాటో ఒక్క వస్తువును తీసుకొని పరిశీలించదలచాను. అది దేశాంతర దత్తత. ఒక దేశంలో పుట్టి మరొక దేశంలో, మరొక రంగు తలిదండ్రుల ఇంట పెరిగే బిడ్డకు, “నువ్వు ఇక్కడికి ఎలా వచ్చావు” అన్నది నాలుగైదేళ్ళ వయసులోనే వివరించటానికి అమెరికాలో ఎన్నో బొమ్మల పుస్తకాలు వెలువడ్డాయి. ఆ పుస్తకాలు ఏం చెబుతున్నాయి? ఏం చెప్పకుండా దాటవేస్తున్నాయి?

కథలోకి వెళ్ళేముందు కథ వెనకనున్న చరిత్రను గుర్తు చేసుకోవాలి. కొరియా యుద్ధం 1953లో ఆగింది. అది మొదలు దక్షిణ కొరియానుంచి దాదాపు 2 లక్షలమంది పిల్లలు పాశ్చాత్య దేశాలకు వెళ్ళారు. చైనా 1992లో తలుపు తెరిచి 2024లో మూసేలోగా 1,60,000కు పైగా పిల్లలు వెళ్ళారు. వారిలో అత్యధికులు ఆడపిల్లలు. 2004లో ఒక్క అమెరికాకే దాదాపు 23 వేలమంది పిల్లలు ఇతర దేశాలనుంచి వచ్చారు. ఈ ప్రవాహం ఎటునుంచి ఎటు సాగిందో చెప్పనక్కరలేదు. అయితే దీన్ని ఒక్క పేదరికంతో ముడిపెట్టి ఊరుకుంటే చాలదు. కొరియా సంపన్నమైన తరువాత కూడా ప్రవాహం ఆగలేదు. పెళ్ళికాని తల్లిపట్ల సంఘానికున్న ఏవగింపు దాన్ని సాగనిచ్చింది. చైనాలో ఒకే బిడ్డ ఉండాలన్న రాజ్యశాసనమూ, మగబిడ్డ కావాలన్న పాత ఆచారమూ చేతులు కలిపాయి. పేదరికం, పితృస్వామ్యం, రాజ్యం — ఈ మూడూ కలిసి నడిపించిన చరిత్ర ఇది.

ఇప్పుడు పుస్తకాలు చూద్దాం. గ్రేస్ లిన్ వ్రాసి బొమ్మలు వేసిన ‘ది రెడ్ థ్రెడ్’ 2007లో వచ్చింది. ఒక రాజుకూ రాణికీ గుండెలో ఏదో నొప్పి. వారి గుండెలనుంచి ఒక ఎర్రదారం దూరదేశానికి సాగిపోయి ఉంటుంది. దాని వెంట పోతే రెండవ కొసన ఒక పసిబిడ్డ దొరుకుతుంది. కథనం ముచ్చటగా ఉంది, కాదనను. కాని ఈ ఎర్రదారం చైనా జానపద విశ్వాసంలో భార్యాభర్తలు కావలసినవారిని ముడివేసేది. దత్తతకు దాన్ని తరువాత అన్వయించుకున్నారు. ఆ అన్వయం ఊరకే జరిగినది కాదు. బిడ్డ పుట్టకముందే దారం ఉన్నదంటే, ఆ బిడ్డ తల్లినుంచి వేరుపడటం కూడా రాసిపెట్టి ఉన్నదే అవుతుంది! చట్టం చేసినవాడు లేడు, బిడ్డను వదలక తప్పని తల్లి లేదు. ఉన్నది దారం ఒక్కటే. మనుషులు చేసిన పనిని విధి చేసినట్టు చూపటం భావవాదపు పాత అలవాటు. మన ఇళ్ళలో “నుదుటి వ్రాత” అని సరిపుచ్చటం ఇలాంటిదే.

రోజ్ లూయిస్ వ్రాయగా జేన్ డయర్ బొమ్మలు వేసిన ‘ఐ లవ్ యు లైక్ క్రేజీ కేక్స్’ 2000లో వచ్చింది. ఇది ఇంతకంటె నిజాయితీగల పుస్తకం. ఒంటరి స్త్రీ ఒకామె చైనాకు వెళ్ళి బిడ్డను తెచ్చుకున్న ఉదంతం, ఆ బిడ్డకే వ్రాసిన ఉత్తరంలా సాగుతుంది. చివర ఆమె, బిడ్డను ఉంచుకోలేకపోయిన చైనా తల్లిని తలచుకొని కన్నీరు పెడుతుంది. ఆ కన్నీటిని నేను తేలిక చెయ్యను. కన్నతల్లి ఉన్నదని ఒప్పుకున్న కన్నీరది. కాని “ఉంచుకోలేకపోయింది” అన్నచోట పుస్తకం ఆగిపోతుంది. ఎందుకు ఉంచుకోలేకపోయింది? కారణం లేని దుఃఖం జాలిగా మిగులుతుంది; కారణం తెలిసిన దుఃఖమే జ్ఞానమవుతుంది.

మూడవది, జపాన్‌లో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఆలెన్ సే పుస్తకం ‘ఆలిసన్’. ఇది 1997లో వచ్చింది. అమ్మమ్మ పంపిన కిమోనో తొడుక్కొని అద్దంలో చూసుకున్న ఆలిసన్‌కు తాను తన బొమ్మలాగ ఉన్నాననీ, అమ్మానాన్నల్లాగ లేననీ తెలుస్తుంది. పిల్లకు కోపం వస్తుంది. తల్లి చిన్ననాటి బొమ్మనూ, తండ్రి బేస్‌బాల్ వస్తువులనూ పాడుచేస్తుంది. నేను చూసినంతలో వాస్తవికతకు అతి దగ్గరగా వచ్చిన ఘట్టం ఇది. ఈ బిడ్డ కృతజ్ఞతతో చేతులు కట్టుకు నిలబడదు. తన దగ్గర పోయినదేదో ఉందని గుర్తిస్తుంది. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ బ్రాడ్జిన్స్కీ, అతని సహచరులు 1984లో ప్రకటించిన పరిశోధన చెప్పేది కూడా ఇదే ధోరణిలో ఉంది: మూడు నాలుగేళ్ళ పిల్లలు “నన్ను దత్తత తెచ్చుకున్నారు” అనే మాటను చిలుకలా అప్పజెప్పగలరు గాని దాని అర్థం వారికి బడి వయసులో క్రమంగా విచ్చుకుంటుంది. అప్పుడు, “నన్ను కోరుకున్నారు” అన్న మాట వెనక “నన్ను వదిలారు” అన్న మాట కూడా వినబడుతుంది.

అయితే సే ఈ కోపానికి చూపిన పరిష్కారమేమిటి? కిటికీ దగ్గరకు వచ్చిన ఒక దిక్కులేని పిల్లిని ఆలిసన్ చేరదీస్తుంది. తాను పిల్లిని చేరదీసినట్టే అమ్మానాన్నలు తనను చేరదీశారని గ్రహిస్తుంది. శిల్పం చక్కగా అతికింది. సత్యం మాత్రం జారిపోయింది. ఆ పిల్లికోసం ఎక్కడా ఎవరూ ఏడవటం లేదు. బిడ్డ సంగతి అలా కాదు.

బాలసాహిత్య పాఠంలో భాగంగా ఈ కథలను నా విద్యార్థులకు వివరించినప్పుడు తండానుంచి వచ్చిన ఒక అమ్మాయి అడిగింది: “ఈ పుస్తకం ఆ పాప కన్నవాళ్ళకు చదివి వినిపిస్తే ఏమంటారు సార్?” నేను చదివిన సమీక్షలన్నిటికంటె ఈ ప్రశ్న పదునైనది. అది ఎక్కడినుంచి వచ్చిందో ఆ తరగతిలో అందరికీ తెలుసు. తెలంగాణలోని లంబాడీ తండాల్లో పసికందులను, ముఖ్యంగా ఆడశిశువులను, దళారులు కొద్దిపాటి డబ్బుకు కొని దత్తత సంస్థలకు చేర్చిన వ్యవహారం 1999లోనూ, మళ్ళీ 2001లోనూ బయటపడింది. తలిదండ్రులు బిడ్డను దత్తతకు వదులుకునే పద్ధతినే అప్పటి రాష్ట్ర ప్రభుత్వం 2001లో నిషేధించింది. లక్ష్మీకాంత్ పాండే కేసులో సుప్రీంకోర్టు దేశాంతర దత్తతకు నియమాలు విధించింది 1984లో. నియమాలు కాగితంమీద ఉండగానే తండాలో బేరం సాగింది.

కాగితం సంగతి కూడా చెప్పుకోవాలి. దక్షిణ కొరియా సత్యశోధక కమిషన్ 2025 మార్చిలో ప్రకటించినదాని ప్రకారం, కన్నవాళ్ళున్న బిడ్డలను కూడా అనాథలుగా నమోదు చేసి పంపారు. దానికి ప్రభుత్వమే బాధ్యత వహించాలి. అంటే పెంచిన తల్లి పడకమీద కూర్చుని మనసారా చెప్పిన కథకు మూలమైన పత్రమే అబద్ధం కావచ్చు. “నువ్వు మార్కెట్లో దొరికావట” అని చెప్పిన తల్లి అబద్ధమాడలేదు, అబద్ధాన్ని చేరవేసింది.

మన సంప్రదాయం ఈ విషయంలో మెరుగా? దేవకి కన్నదనీ, యశోద పెంచిందనీ మన ఇళ్ళలో పసిబిడ్డకు కూడా తెలుసు. ఇద్దరు తల్లులున్నారని చెప్పటానికి మనం జంకలేదు. ఇది గొప్ప వారసత్వమే. కాని ఆ రాత్రి యమున దాటి వచ్చిన బిడ్డ మరొకతె ఉంది. యశోద కన్న ఆడశిశువును తెచ్చి చెరసాలలో పెట్టారు. కంసుడు ఆ శిశువును బండకు కొట్టబోతాడు. ఆమె దేవతగా మారి ఆకాశానికి ఎగిరిందని చెప్పి కథకుడు చేతులు దులుపుకున్నాడు. యశోదను ఎవరడిగారు? ఆ పిల్ల గతేమిటని ఏ తల్లి తన బిడ్డకు చెప్పింది? కర్ణుని కథలో ఇంకొంత సత్యముంది. పెళ్ళికాని తల్లి భయాన్ని, పెట్టెలో కొట్టుకుపోయిన బిడ్డ అవమానాన్ని, రాధ ప్రేమను మూడింటినీ ఆ కథ దాచలేదు. కాని దాన్ని మనం పసివాళ్ళకు దానగుణం నేర్పటానికే వాడుకున్నాం.

అయిదేళ్ళ బిడ్డకు అర్థశాస్త్రం బోధించమంటారా అని కొందరు ఆక్షేపించవచ్చు. నేను కోరేది అది కాదు. తగ్గించి చెప్పటం వేరు, తప్పుగా చెప్పటం వేరు. “నిన్ను కన్న అమ్మ ఉంది. ఆమె ఉన్నచోట ఆడపిల్లను పెంచుకోనివ్వని చట్టాలు, ఆచారాలు ఉండేవి. అది న్యాయం కాదు. నువ్వు చేసిన తప్పేమీ లేదు. మాకిచ్చిన కాగితంలో ఇంతే ఉంది. పెద్దయ్యాక కలిసి వెతుకుదాం. నీకు ఏడుపు వస్తే ఏడు, మాకు కోపం రాదు.” ఇందులో అయిదేళ్ళ బిడ్డకు అందని మాట ఏది? పంపకంలో ఒక్క జీడిపప్పు తగ్గితే “ఇది న్యాయం కాదు” అని అరిచే వయసది. నేడు చెప్పినది రేపు పెరగాలి గాని రేపు చెరిపివెయ్యవలసి రాకూడదు. బిడ్డకు వీలైనంతవరకు తన కన్నవారెవరో తెలుసుకునే హక్కు ఉన్నదని ఐక్యరాజ్యసమితి బాలల ఒడంబడిక 1989లోనే గుర్తించింది. హక్కుగా ఒప్పుకున్నదాన్ని కథలో దాచటానికి మనమెవరం?

మనవాళ్ళకు కూడా ఒక మాట చెప్పవలసి ఉంది. సామ్రాజ్యవాదం అన్న ఒక్క పదంతో ఈ పుస్తకాలను చెత్తబుట్టలో వెయ్యటం సులభం. కాని ఆ పుస్తకాన్ని వింటున్న బిడ్డ ఆ ఇంట్లోనే బ్రతకాలి. పెంచిన తల్లి ప్రేమ బూటకం కాదు. యశోద ప్రేమ బూటకం కానట్టే. ఆమె ప్రేమను తీసెయ్యమని మనం అడగటం లేదు. ఆ ప్రేమను సాక్ష్యంగా చూపి జరిగిన అన్యాయంపై కేసు కొట్టివెయ్యవద్దంటున్నాం.

కనుక బాలసాహిత్య విమర్శకు ఒక కొలబద్ద కావాలి. పసివాళ్ళకు వ్రాసిన కథలో కథకు బయట మిగిలిపోయిన మనిషి ఎవరో మొదట వెతకాలి. దేశాంతర దత్తత కథల్లో ఆ మనిషి కన్నతల్లి. ఆమె తండాలో ఉన్నా, సియోల్‌లో ఉన్నా, చైనా పల్లెలో ఉన్నా, ఆమె పక్కన కూర్చుని విన్నా సిగ్గుపడకుండా చదవగలిగిన కథే బిడ్డకు చెప్పదగిన కథ. అలాంటి కథలు వ్రాయటం మన రచయితల వంతు. అలాంటివి కానివాటిని పట్టి చూపటం మన వంతు.