గూఢచారి చిత్రాలు: వాస్తవిక మార్గం

రాజు చారచక్షువు అన్నది ప్రాచీనుల మాట. ఆ మాటలో చారుడు రాజుకు కన్ను, చేయి కాదు. చూడడం, వినడం, తెలిసినదానిని చేరవేయడం అతని పని. చలనచిత్రం మాత్రం అతనిని చేయిగా మార్చివేసింది. 1962లో 'డాక్టర్ నో'తో ఆరంభమైన జేమ్స్ బాండ్ చిత్రాలలో గూఢచారి తుపాకితోను, విలాసంతోను లోకాన్ని కాపాడే వీరుడు. తెలుగులో 1966లో కృష్ణ నాయకుడుగా వచ్చిన 'గూఢచారి 116' కూడ ఆ త్రోవనే త్రొక్కింది. ఇట్టి చిత్రాల వినోదాన్ని నిరసింప పనిలేదు. అవి ఆధునికుల కాశీమజిలీ కథలు. కాని ఆ రోజులలోనే మరొక మార్గం కూడ ఏర్పడింది.

బ్రిటిష్ గూఢచారశాఖలో పనిచేసిన జాన్ లెకారే 1963లో వెలువరించిన నవలను, 1965లో మార్టిన్ రిట్ 'ది స్పై హూ కేమ్ ఇన్ ఫ్రమ్ ది కోల్డ్' అనే పేరుతోనే చిత్రంగా తీశాడు. ఆస్వాల్డ్ మారిస్ ఛాయాగ్రహణంలో ఆ చిత్రమంతా నలుపు తెలుపులలో, తడిసిన వీధులలో నడుస్తుంది. రిచర్డ్ బర్టన్ ధరించిన లీమస్ పాత్ర నడివయస్సు దాటుతున్న, అలసిన మనిషి. బెర్లిన్ గోడ దగ్గర రాత్రివేళ అతడు తన మనిషి కోసం కాచుకొని ఉంటాడు. ఆ మనిషి సైకిలుమీద వస్తాడు. సరిహద్దు దాటకముందే తుపాకి గుండ్లకు కూలిపోతాడు. కథానాయకుడు చేయగలిగింది చూడడం ఒక్కటే. కన్ను మళ్లీ కన్నుగానే మిగిలింది.

తరువాత లీమస్ ఉద్యోగం పోయినవానివలె, త్రాగుబోతువలె తిరుగుతాడు. అప్పు ఇవ్వనన్న దుకాణదారుణ్ణి కొట్టి జైలుకు పోతాడు. ఆ దుకాణదారుడుగా నటించిన బెర్నార్డ్ లీయే, బాండ్ చిత్రాలలో ఆ వీరుణ్ణి దేశాంతరాలకు పంపే పై అధికారి. నటుడొక్కడే, లోకాలు రెండు. అక్కడ సాహసం ఆజ్ఞతో మొదలవుతుంది. ఇక్కడ అరువు దగ్గర పేచీతో మొదలవుతుంది.

ఇంత నిరాడంబరమైన కథలో ప్రేక్షకుణ్ణి పట్టి ఉంచేది ఏమిటి? అతనికి లీమస్‌కంటె ఎక్కువ తెలియదు. ప్రతి మాటనూ, ప్రతి మౌనాన్నీ పాఠకునివలె పరిశీలించవలసి వస్తుంది. ఆ పరిశీలనలో ఒక ఆనందం ఉన్నది. కాని అది పైపై ఆకర్షణ మాత్రమే. అసలు బలం వేరొక చోట ఉన్నది. వాస్తవికమైన గూఢచారి కథలో ఆయుధం తుపాకి కాదు, అనురాగం.

తూర్పు జర్మనీ గూఢచారశాఖలోని ముంట్‌ను నాశనం చేయడానికే తనను పంపినారని లీమస్ నమ్ముతాడు. గ్రంథాలయంలో పరిచయమై అతనిని ప్రేమించిన నాన్ పెరీని విచారణకు రప్పిస్తారు. ఆమెకు కుట్ర తెలియదు. అడిగినదానికి నిజమే చెబుతుంది. ఆ నిజమే లీమస్ కథను కూల్చి, ముంట్‌ను అనుమానించిన ఫీడ్లర్‌ను బలి చేస్తుంది. ముంట్ లండన్ మనిషే! అతనిని కాపాడడమే ఏలినవారి ఉద్దేశం. ఒక స్త్రీ ప్రేమను, ఆమె నిజాయితీని ఆమెకే తెలియకుండ వాడుకొన్నారు.

భారతీయ పాఠకునికి ఇక్కడ విశాఖదత్తుని 'ముద్రారాక్షసం' జ్ఞప్తికి రాక తప్పదు. అక్కడ కూడ యుద్ధం తెరవెనుకనే ఉండిపోతుంది. ముద్రికా, లేఖలూ, చారులూ కథ నడుపుతారు. రాక్షసుణ్ణి లోబరచుకొనడానికి చాణక్యుడు ఎన్నుకొన్న సాధనం చందనదాసుపై అతనికి గల స్నేహమే. మిత్రుణ్ణి వధ్యస్థానానికి నడిపించిన తరువాత గాని రాక్షసుడు లొంగడు. అయితే చాణక్యుని లెక్కలో చందనదాసు బ్రతుకుతాడు, రాక్షసుడు మంత్రి అవుతాడు. కపటం తన ఋణం తీర్చుకొంటుంది. లెకారే లోకంలో ఆ ఋణం తీరదు. రెండింటికీ నడుమ ఉన్న తేడా నీతిశాస్త్రంపై గల విశ్వాసంలోని తేడా.

కాబట్టి చీకటి వీధులు, ముక్తసరి సంభాషణలు ఉన్నంతమాత్రాన చిత్రం వాస్తవికం కాజాలదు. దిగులు కూడ ఒక అలంకారంగా దిగజారవచ్చును. రాజ్యం వేసుకొన్న లెక్కలో ఎవరి ప్రాణం ఖర్చయిందో చూపగలిగినదే వాస్తవికత. ఈ ఇతివృత్తాన్ని చేపట్టే రచయితకు ఇదే పరీక్ష.

1961లో లేచిన బెర్లిన్ గోడ 1989లో కూలింది. చిత్రం మాత్రం పాతబడలేదు. చివర నాన్‌ను గోడమీదికి లాగుతుండగా ఆమెను కాల్చివేస్తారు. అవతలివైపు దూకితే లీమస్ బ్రతుకుతాడు. దూకమని పిలుపు కూడ వినిపిస్తుంది. అతడు దూకడు. ఆమె పడిఉన్న వైపునకే మెల్లగా దిగిపోతాడు, ప్రాణం విడుస్తాడు. కథ మొత్తంలో ఎవరి ఆజ్ఞా లేకుండ, ఎవరి పన్నాగంలోనూ భాగం కాకుండ అతడు చేసిన పని అది ఒక్కటే.