‘బోల్‌గార్డ్’: ఒక అతుకు మాట పుట్టుక, అర్థం

రెండు మాటలను కత్తిరించి ఒకటిగా అతికితే పుట్టే పదాన్ని ఆంగ్లంలో ‘పోర్ట్‌మాంటో’ అంటారు. అది నిజానికి రెండు అరల ప్రయాణపు పెట్టె పేరు. 1871లో లూయీ కారల్ దాన్ని ఇలాంటి మాటలకు వాడాడు. పొగా మంచూ కలిసిన ‘స్మాగ్’ మీరు వినే ఉంటారు. గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి చేలకు వచ్చిన ‘బోల్‌గార్డ్’ కూడా ఆ కోవలోదే.

‘బోల్’ అంటే పత్తికాయ, ‘గార్డ్’ అంటే కాపలా. చెవికి ఇది ఉత్త సమాసమే. రాతలో మాత్రం ‘గార్డ్’ నుంచి ‘యు’ అక్షరం జారిపోయింది. నిఘంటువులోని మామూలు మాటను ఒక కంపెనీ సొంతం చేసుకోవడం కష్టం. అందుకే ఈ కత్తిరింపు నాలుక కోసం కాక అంగడి కోసం జరిగిందని నా అభిప్రాయం.

ఈ మాట తెలుగులోకి వచ్చాక ఏమైందన్నది అంతకంటే ముఖ్యం. మన దేశంలో బీటీ పత్తికి 2002 మార్చిలో అనుమతి వచ్చింది. రైలు గార్డును ఎరిగిన మన రైతుకు ‘గార్డ్’ వెంటనే అర్థమవుతుంది. ‘బోల్’ మాత్రం మూగది. చిక్కంతా అక్కడే. హామీ ఇచ్చే సగం పలికింది, ఆ హామీకి హద్దు గీసే సగం పలకలేదు. ఈ విత్తనం కాపాడేది కాయతొలుచు పురుగుల నుంచి మాత్రమే. తెల్లదోమ, పచ్చదోమ వంటి రసం పీల్చే పురుగులపై అది పనిచేయదు. 1980లలో తెల్లదోమతోనూ, ఆపై శనగపచ్చ పురుగుతోనూ చితికిపోయిన ప్రాంతమిది. 1987-88లో ప్రకాశం జిల్లా పత్తి రైతుల ఆత్మహత్యలు దేశమంతటికీ తెలిశాయి. అలాంటి చోట ఆ మూగ సగం విలువ తక్కువది కాదు.

తెలుగులో ‘కాయు’ అనే క్రియకు ఫలించడం, కాపలా ఉండడం అని రెండర్థాలున్నాయి. ‘కాయకాపు’ అని ఉంటే రెండు సగాలూ పలికేవి. అమ్మేవారికి ఆ అవసరం కలగలేదు.

గులాబీ రంగు పురుగు గుజరాత్‌లో బోల్‌గార్డ్‌ను తట్టుకుంటోందని 2010లో మోన్‌శాంటో సంస్థే ప్రకటించింది. అప్పటికే, 2006లో, రెండో రకం వచ్చింది. దానికి కొత్త పేరు పెట్టలేదు. పాత పేరు పక్కన ‘2’ చేర్చారు. కొన్నేళ్లకు ఆ పురుగు దాన్నీ తట్టుకుంది.