నాలుగు రాత్రులు, నాలుగు రంగస్థలాలు

"నాటకం చచ్చిపోయింది" అన్న మాట మనకు కొత్తది కాదు. టాకీలు వచ్చినప్పుడు ఒకసారి అన్నారు, టెలివిజను వచ్చినప్పుడు మరొకసారి అన్నారు, అరచేతిలో ఇమిడే ఫోనులోకి సినిమా దిగివచ్చాక ఇప్పుడు ఇంకోసారి అంటున్నారు. ఇన్నిసార్లు చచ్చిన ప్రాణికి ఇంకా కొనవూపిరి ఎక్కడో వుండి తీరాలి. ఆ మాట అనేవారిలో నాటకం చూసి అన్నవారు తక్కువ. చూడకుండా తీర్పు చెప్పడం మన సాహిత్య చర్చల్లో పాత జబ్బే గనుక, ఈ చలికాలం చివర కొద్దిరోజులు సెలవుపెట్టి నాలుగు చోట్ల నాలుగు రకాల ప్రదర్శనలు చూసివచ్చాను. ఏది బాగుంది, ఏది బాగులేదు అన్న పట్టిక ఇక్కడ ఇవ్వబోవడం లేదు. ఆ నాలుగూ కలిసి ఒకే ప్రశ్న వేశాయి: ఈ నాటకం ఎవరిది? ఆ ప్రశ్న గురించే ఈ వ్యాసం.

మొదటిది హైదరాబాదు రవీంద్రభారతిలో సురభివారి "మాయాబజారు". 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో "కీచకవధ"తో మొదలైన ఈ కుటుంబ నాటక సంప్రదాయం గురించి మన విమర్శకులు రాసింది బహు స్వల్పం. ఆడవేషం మగవాడే కట్టడం మర్యాద అనుకునే రోజుల్లో తమ ఇంటి ఆడవాళ్ళను రంగస్థలం ఎక్కించినవారు వీరు. ఆ ఒక్క సంగతికే మన స్త్రీవిముక్తి చరిత్రలో వీరికి ఒక పుట కేటాయించాలి. నారదుడు మబ్బుల్లోంచి దిగుతాడు, అభిమన్యుడి బాణమూ ఘటోత్కచుడి బాణమూ గాలిలో ఎదురెదురై నిప్పులు కక్కుతాయి, లడ్లు తమంతట తామే లేచి రాక్షసుడి నోట్లో పడతాయి. తీగలు కనిపిస్తూనే వుంటాయి. అయినా పక్క కుర్చీలోని ఎనిమిదేళ్ళ పిల్ల చప్పట్లు ఆపలేదు, నేనూ ఆపలేదు.

దీన్ని పౌరాణిక మాయాజాలం అని కొట్టిపారేయడం తేలిక. ఆ తెర వెనుక జరిగే పనిని చూడండి: నిన్న కృష్ణుడైనవాడు నేడు తాడు లాగుతాడు, బలరాముడి భార్య దుస్తులు కుడుతుంది, నడక వచ్చిన పిల్లవాడు వేషానికి సిద్ధం. నటుడికీ పనివాడికీ మధ్య గోడలేని రంగస్థలం మన అభ్యుదయ సంఘాలలో సైతం అరుదు. లోపం వారి విద్యలో లేదు, ఆ విద్యను ఏ కథకు వినియోగిస్తున్నారన్న దగ్గర వున్నది. 1990ల్లో బి.వి. కారంత్ వీరితో పనిచేసి, బ్రెహ్ట్ నాటకానికి అనుసరణగా "బస్తీ దేవత యాదమ్మ" ఆడించారు. మంచిమనిషిని వెతుక్కుంటూ భూమికి దిగిన దేవతలు, మంచితనంతో బతకలేక కఠినుడైన బంధువు వేషం వేసుకోవలసివచ్చిన స్త్రీ — ఇది బ్రెహ్ట్ కథ. దేవతలను తాడుమీద దించడం మూడు తరాలుగా తెలిసినవారికి ఇంతకంటె తగిన కథ ఏముంటుంది? తలుపు అక్కడ తెరుచుకున్నది. ఆ తలుపుగుండా వారికోసం కొత్త నాటకాలు రాసుకుంటూ మన రచయితలు ఎందరు వెళ్ళారు? ఈ నింద సురభివారికి చెందదు, మనకే చెందుతుంది.

రెండోది తెనాలి ప్రాంతంలో ఒక పల్లె. శివరాత్రి జాగరణకు "సత్యహరిశ్చంద్ర". పందిరి ముందు వరసలో కుర్చీలు — చందాదారులకూ, పెద్దలకూ. వెనక పట్టాలు, గోనెసంచులు, ఇంటినుంచి తెచ్చుకున్న చాపలు — మిగిలిన వూరికి. హరిశ్చంద్రుడు ఒక్కడు కాదు, ముగ్గురు. ఒక్కొక్క సీనుకు ఒక్కొక్కరు, ఒక్కొక్క వూరినుంచి. రాగం ఎక్కువసేపు తీసినవాడికి నోట్లు ఎక్కువ, ఇచ్చినవారి పేర్లు మైకులో చదవడం దానికి తోడు. వారణాసి మధ్యలో ఒక దాతగారి తండ్రిపేరు వినవలసివచ్చింది. భార్యను అమ్ముకుంటున్న రాజు ఏడుపు ఆపి దండం పెట్టి, మళ్ళీ ఏడుపు అందుకున్నాడు. పాత్ర అనేది ఇక్కడ లేదు, గొంతు మాత్రమే వున్నది. బళ్ళారి రాఘవ తన కాలంలో దేనిమీద పోరాడారో ఆ జబ్బు ఇంకా అలాగే వున్నది.

అంతవరకూ నేను రాసుకున్నది ఇదే. తరువాత తెల్లవారుజామున కాటిసీను వచ్చింది. బలిజేపల్లి లక్ష్మీకాంతంగారి నాటకంలోని ఈ సీనులో గుర్రం జాషువా శ్మశాన పద్యాలు పాడడం ఏనాటినుంచో ఆచారం. అంటరానితనాన్ని వొంటిమీద మోసిన కవి రాసిన పద్యాలను కాటికాపరి అయిన చక్రవర్తి నోట వింటూ, కులభేదం పాటించే వూరు వూరంతా నిశ్శబ్దమైపోతుంది. నోట్లు ఇవ్వడానికి ఎవ్వరూ లేవలేదు. నా వెనక చాపమీద కూర్చున్న ఒక ముసలాయన పెదవులు పద్యంతోపాటు కదులుతున్నాయి. చదువు వచ్చినవాడు కాదని తరువాత తెలిసింది. రాజు కాబట్టే ఆయన కాటికాపరితనానికి ఏడుస్తున్నారు, నిజం కాటికాపరి కోసం ఎవరేడుస్తారు అని మనం అడగవచ్చు, అడగాలి కూడా. తెల్లవారిన తరువాత కుర్చీలు కుర్చీలవైపుకూ, చాపలు చాపలవైపుకూ పోయాయి. ఒక పద్యం కులాన్ని కూల్చలేదు. అయినప్పటికీ, ఆ కన్నీరు అబద్ధం అనగలిగిన ధైర్యం నాకు లేదు. ఏ అభ్యుదయ కవి సంపుటం ఆ వూళ్ళోకి అంత లోతుగా వెళ్ళింది?

ప్రదర్శన ముగిశాక టీకొట్టు దగ్గర హార్మోనిస్టుతో మాట్లాడాను. ముప్పైయేళ్ళుగా పెట్టె మోస్తున్నాడు. "చింతామణి" మాట ఎత్తాను. "దాని గురించి అడక్కండి మాస్టారూ. మా సీజను సగం ఆ నాటకమే. ఒక్క కాగితంతో పోయింది" అన్నాడు. 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ నాటకాన్ని నిషేధించినప్పుడు, సుబ్బిశెట్టి పాత్ర ఒక కులంవారిని అవమానిస్తున్నదన్నది కారణం. ఇక్కడ మనం తొందరపడి నినాదం చెయ్యకూడదు. కాళ్ళకూరి నారాయణరావుగారు సంస్కరణాభిలాషి. వేశ్యాలోలత మీద "చింతామణి", కట్నం మీద "వరవిక్రయం", తాగుడు మీద "మధుసేవ" రాసినవారు. ఆయన రాసిన సుబ్బిశెట్టి వేరు, ప్రేక్షకుడి నవ్వుకోసం రాత్రిరాత్రికీ బూతు చేర్చుకుంటూ పెరిగిన సుబ్బిశెట్టి వేరు. ఒక కులాన్ని చూపి నవ్వించే హాస్యం ఏ కులం మీదైనా నీచమే. బాధపడినవారి బాధ నిజం. అయితే దానికి మందు ఏమిటి? మూలపాఠానికి కట్టుబడి ఆడమని సమాజాలను అడగవచ్చు, ఆడకపోతే జనంలో విమర్శించవచ్చు. నూరేళ్ళ నాటకాన్ని ఉత్తర్వుతో ఆపితే ఆగేది బూతు కాదు, హార్మోనిస్టు ఇంటి పొయ్యి. ఈవేళ సుబ్బిశెట్టిని ఆపిన కలమే రేపు మరొక నాటకంలో భూస్వామి పాత్రను ఆపగలదు. మద్రాసు ప్రభుత్వం "మా భూమి"ని నిషేధించిన చరిత్ర తెలిసిన మనం ఈ సంగతి మరచిపోరాదు.

మూడోది గుంటూరు వైపు ఒక పట్టణంలో పరిషత్తు పోటీలు. ఒక్క సాయంత్రం మూడు నాటికలు. ప్రవేశం వుచితం. హాలులో నూరుమంది వుంటే అందులో సగం ఇతర సమాజాల నటులు, మూడో వరసలో ముగ్గురు న్యాయనిర్ణేతలు. నటులు ఆ మూడో వరసకే మాట్లాడారు. ఆ సాయంత్రం రెండు నాటికల్లో తల్లి ఒక్కరే. రెండు ఏడుపులకు మధ్య ఆమెకు దొరికిన విరామం పావుగంట. బస్సులో మాటలు వల్లెవేసుకుంటూ వచ్చానని చెప్పింది. బహుమతి పత్రంలో "ఉత్తమ నటి" అని వుంటుందే తప్ప, ఆమె రాత్రి ఎక్కడ పడుకుంటుందో ఏ పత్రంలోనూ వుండదు.

వస్తువు విషయంలో ఈ రంగస్థలం మనకు అతి దగ్గర. పురాణం లేదు, పద్యం లేదు. ముసలితల్లులు, విదేశాలకు పోయిన కొడుకులు, అప్పులపాలైన రైతులు. కాని ముసలితల్లి కథలో కొడుకు దుర్మార్గుడు, కోడలు అంతకంటె దుర్మార్గురాలు, కథ అయిపోయింది. కొడుకును వూరినుంచి తరిమినదేమిటి? వ్యవసాయం ఎందుకు గిట్టలేదు? ఆ ప్రశ్నలు గుమ్మం దగ్గరే ఆగిపోయాయి. సమాజం చేసిన గాయానికి కుటుంబాన్ని ముద్దాయిని చేసి, చివరకు ఒక ఉపన్యాసంతో విడుదల చెయ్యడం — ఈ అలవాటు మన నాటికను పీల్చి పిప్పి చేస్తున్నది.

మూడింటిలో ఒకటి మాత్రం నన్ను నిలబెట్టింది. కౌలురైతు కథ. 2019లో చేసిన సాగుదారుల చట్టం ప్రకారం కౌలుదారుకు హక్కుపత్రం రావాలంటే భూయజమాని ఒప్పుకుని సంతకం చెయ్యాలి. నాటికంతా ఆ ఒక్క సంతకం చుట్టూ తిరుగుతుంది. రైతు భార్య కాగితం పట్టుకుని ఆసామి ఇంటికి వెడుతుంది. ఆసామి రాక్షసుడు కాడు. ఆమెకు మజ్జిగ ఇప్పిస్తాడు, పిల్లల చదువు అడుగుతాడు, విత్తనాలకు చేబదులు కూడా ఇస్తానంటాడు. సంతకం మాత్రం చెయ్యడు. కాగితం బల్లమీద, మజ్జిగ గ్లాసు కింద తడుస్తూ వుంటుంది. ఆ ఐదు నిమిషాల్లో భూమి సంబంధం ఏమిటో ఏ ఉపన్యాసమూ లేకుండా అర్థమైంది. మంచివాడైన ఆసామిని చూపించగలగడం రచయిత సాధించిన విజయం. దుర్మార్గుణ్ణి చూపిస్తే మనిషి మారితే చాలునని ప్రేక్షకుడు ఇంటికి పోతాడు, మంచివాణ్ణి చూపిస్తే మారవలసింది మరేదో వుందని గ్రహిస్తాడు. విచారమేమిటంటే, అదే రచయిత చివరి పది నిమిషాల్లో రైతుకు పురుగులమందు సీసా ఇచ్చి, విషాదసంగీతం వేసి, శవం పక్కన కొడుకుచేత ఉపన్యాసం ఇప్పించాడు. బహుమతి ఆ పది నిమిషాలకే వచ్చింది. బహుమతి దేనికి వస్తుందో రచన అటే వొంగుతుంది. ఇంతకన్నా ముఖ్యమైన విషయం: ఆ హాలులో కౌలురైతు ఒక్కడూ లేడు.

నాలుగోది విజయనగరంలో "కన్యాశుల్కం". 1892లో ఈ నాటకం మొదట ఆడింది ఆ వూళ్ళోనే. అందుచేత ఎంతో ఆశతో వెళ్ళాను. 1909 నాటి రెండో కూర్పును పూర్తిగా ఆడితే ఒక రాత్రి చాలదు, కత్తిరింపు తప్పదు. జె.వి. రమణమూర్తిగారు ఏళ్ళతరబడి కుదించిన ప్రతితోనే ఆడి దాన్ని జనానికి చేర్చారు. కాబట్టి కత్తిరించడం నేరమనను, ఏది కత్తిరించారన్నదే విచారించాలి. నేను చూసిన ప్రదర్శనలో సారాదుకాణం పోయింది, బైరాగి పోయాడు, మీనాక్షి బతుకు రెండుమాటలకు కుదిరింది, బుచ్చమ్మ దాదాపు మూగదైంది. మిగిలినది గిరీశం. అతని ఇంగ్లీషుకు నవ్వులు, అతని చుట్టకు చప్పట్లు. వెలయాలి ఇంటినుంచి అగ్రహారందాకా, సారాకొట్టునుంచి కోర్టుదాకా ఒక కుళ్ళిన వ్యవస్థను నిలువునా కోసి చూపిన నాటకంలోంచి వ్యవస్థను తీసివేస్తే మిగిలేది సరదామనిషి. గురజాడ ఎవరిని చూసి మనం సిగ్గుపడాలనుకున్నారో అతణ్ణి మనం ముద్దుచేసుకుంటున్నాం. ఇది అభినయ దోషం కాదు. గిరీశం పాత్రధారి చురుకైనవాడు. మధురవాణి పాత్రధారిణి అయితే చివరి అంకంలో సౌజన్యారావు పంతులు ఎదుట నిలబడిన తీరుకు నమస్కరించాలి: వేడుకోలు లేదు, వెక్కిరింత లేదు, తన విలువ తనకు తెలిసిన మనిషి నిలకడ వున్నది. దోషం కత్తెర పట్టుకున్నచోట వున్నది.

ఇప్పుడు లెక్క చూసుకుందాం. సురభి దగ్గర విద్య వున్నది. పల్లె పందిరి దగ్గర జనం వున్నారు. పరిషత్తు దగ్గర వస్తువు వున్నది. విజయనగరం దగ్గర మహత్తరమైన పాఠం వున్నది. నాలుగూ నాలుగు చోట్ల, ఒకదాని ముఖం ఒకటి చూడకుండా వున్నాయి. నాటకం చచ్చిపోయిందనడం తప్పు, విడిపోయిందనాలి.

ఇవి ఒకచోట కలిసిన కాలం మనకు వున్నది. 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి బుర్రకథను, వీధినాటకాన్ని పట్టుకుని పల్లెకు వెళ్ళింది. 1947లో సుంకర, వాసిరెడ్డి రాసిన "మా భూమి" తెలంగాణ రైతుపోరాటాన్ని పోరాటం సాగుతుండగానే రంగస్థలం ఎక్కించింది. అయితే ఆ రోజులను తలచుకుని నిట్టూర్చడం పనికిరాదు. ఆనాడు నాటకం ముందు రైతుసంఘం నడిచింది, పందిరి వేసినవాడూ, ప్రేక్షకుడూ, పాత్రా ఒక్కరే. ఆ వుద్యమం ఆ రూపంలో నేడు లేనప్పుడు పాత బుర్రకథ వరసలను తిరిగి పాడినంతమాత్రాన ఆ ప్రేక్షకుడు తిరిగిరాడు. జనం వున్నచోటికి వస్తువును మోసుకుపోవడం మాత్రం ఈనాడూ చెయ్యదగిన పనే. విద్యార్థులూ, అధ్యాపకులూ చెయ్యగలిగిన పని అది. పద్యనాటకం ఆడే పల్లెను వెనకబడిందని వదిలి, మనం మన హాళ్ళలో మనకే ఆడుకోవడం ముందడుగు అనిపించుకోదు.

ఈ మాట ఎక్కడో పుస్తకంలో దొరికింది కాదు. టీకొట్టు దగ్గర ఆ హార్మోనిస్టుకు ఉత్తరోత్తరా ఫోనుచేసి కౌలురైతు నాటిక సంగతి చెప్పాను. సంతకం ఘట్టం విని కాసేపు వూరుకున్నాడు. మా వూళ్ళో ఆ కాగితం చేతిలో పట్టుకు తిరగనివాళ్ళు తక్కువన్నాడు. ఆ తరువాత ఇలా అన్నాడు: "హరిశ్చంద్ర పదింటికి గదా మొదలు. జనం ఎనిమిదింటికే వచ్చి చాపలేసుకు కూర్చుంటారు. ఆ రెండుగంటలూ పందిరి ఖాళీయేనండి. వచ్చే శివరాత్రికి మీవాళ్ళని తీసుకురండి మాస్టారూ. కాకపోతే ఆ చివర చచ్చిపోవడం తీసెయ్యమనండి. చావు మాకు తెల్లారుజామున ఎలాగూ వుంది."

ఆ నాటిక రచయితకు ఈ విమర్శను యథాతథంగా అందజేశాను. ఇంతకంటె మంచి విమర్శ నా దగ్గర లేదు.