కొట్టేసిన కాస్ తీటా

సైన్ 2తీటా = కాస్ తీటా. 0 నుంచి 360 డిగ్రీల లోపు సాధనలన్నీ రాయాలి. మ్యాథ్స్ 1ఏతో కుస్తీ పట్టిన ఎంపీసీ చెయ్యి ఎడమవైపును 2 సైన్ తీటా కాస్ తీటాగా విప్పేస్తుంది. రెండు వైపులా కాస్ తీటా కనపడగానే కొట్టెయ్యాలని పెన్ను ఉబలాటపడుతుంది. కొట్టేస్తే మిగిలేది సైన్ తీటా = 1/2; జవాబు 30, 150. లెక్క అయిపోయినట్టే ఉంటుంది. కానీ 90, 270 కూడా సమీకరణానికి సరిపోతాయి. అక్కడ కాస్ తీటా విలువ సున్నా. కొట్టెయ్యడమంటే సున్నాతో భాగించడమే!

అన్నిటినీ ఒకే వైపుకు తెచ్చి కాస్ తీటాను కామన్ తీస్తే, కాస్ తీటా (2 సైన్ తీటా − 1) = 0. నాలుగు కోణాలూ దక్కుతాయి. కుడివైపు సున్నా ఉండి తీరాలి. లబ్ధం సున్నా అయితే కారణాంకాల్లో ఏదో ఒకటి సున్నా కాక తప్పదు. లబ్ధం 1 అయితే ఆ హామీ లేదు: ఒకటి 2, మరొకటి అర కావచ్చు.

అసలు రుచి సైన్ తీటా + సైన్ 2తీటా + సైన్ 3తీటా = 0 దగ్గర తెలుస్తుంది. కామన్ తియ్యడానికి పైకి ఏమీ కనపడదు. మొదటిదాన్నీ మూడోదాన్నీ జత చెయ్యమంటారు లెక్చరర్లు. 1, 3 సగటు 2 కదా! 2 సైన్ 2తీటా కాస్ తీటా వస్తుంది. పక్కనే సైన్ 2తీటా కాచుకుని ఉంటుంది కాబట్టి, సైన్ 2తీటా (2 కాస్ తీటా + 1) = 0. కోణాలు 0, 90, 120, 180, 240, 270.

మాట వినకుండా మొదటి రెండిటినీ కలిపినవాడు సగం కోణాల్లో పడతాడు. అయినా మునగడు. ఓపిగ్గా సైన్ 3తీటాను కూడా సగం కోణంతో విప్పితే 4 సైన్ (3తీటా/2) కాస్ తీటా కాస్ (తీటా/2) = 0 దగ్గర తేలతాడు. మళ్లీ అవే ఆరు కోణాలు. కాకపోతే ఇందాక సైన్ 2తీటా ఇచ్చిన 180ని ఇప్పుడు కాస్ (తీటా/2) ఇస్తుంది. భిన్నాల గొడవ ఉన్నా ఈ రెండో దారినీ బోర్డు మీద ఒక్కసారి చూపించాల్సిందే.

మూలాలు వదిలెయ్యడం పిల్లలకే పరిమితం కాదు. 1593లో వాన్ రూమెన్ అనే గణితజ్ఞుడు 45వ ఘాత సమీకరణాన్ని తోటి గణితజ్ఞులకు సవాలుగా విసిరాడు. దాని వెనక ఒక కోణాన్ని 45 సమభాగాలు చేసే లెక్క ఉందని ఫ్రెంచి గణితజ్ఞుడు వియట్ పసిగట్టాడు. 23 ధన మూలాలు చెప్పాడు. మిగిలిన 22 రుణ మూలాలు; వాటిని ఆయన లెక్కలోకే తీసుకోలేదు.