పోలీసు లెక్కలో తలగాయము

కేంద్ర రహదారి రవాణా శాఖవారి ‘భారతదేశంలో రోడ్డు ప్రమాదాలు – 2022’ నివేదిక ప్రకారము ఆ యేట మృతులు 1,68,491 మంది. అందులో హెల్మెట్టు పెట్టుకొననివారే 50,029. లెక్క విలువైనదే, కాని అది పోలీసుల లెక్క. దెబ్బ ‘తీవ్రము’, ‘స్వల్పము’ అనును గాని తలకు తగిలినదో కాలికి తగిలినదో చెప్పదు.

రేపల్లెనుండి గాని, బాపట్లనుండి గాని గుంటూరు పెద్దాసుపత్రికి చేరునప్పటికి కపాలములో నెత్తురు గడ్డకట్టి మెదడును నొక్కుచుండవచ్చును. కన్ను తెరచుట, మాటాడుట, కదలుట చూచి 3 నుండి 15 వరకు మార్కులు వేయు గ్లాస్గో కొలమానము 1974 నాటిది, దానికి యంత్రమక్కరలేదు. ఆ అంకెయు, 108 బండి వచ్చిన వేళయు ఈ నివేదికలో ఒక్క గడికైనను నోచుకొనలేదు. ఆలస్యమెచ్చట జరుగుచున్నదో తెలియనిదే, మెదడు శస్త్రవైద్యుని తెనాలిలో నియమించవలెనా, రేపల్లెలో బండ్లు పెంచవలెనా, ఎట్లు నిర్ణయింతురు?